కోట బయట వీధిలో ఏముంది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చే నెల వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో విండోలాండా అనే రోమన్ సైనిక స్థావరం ఉందట. ఫొటోల్లో అన్నీ మోకాలెత్తు రాతి గోడలే. ఎనిమిదేళ్ల మనవరాలితో అంత దూరం వెళ్లడం దండగేమో అనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: దండగ కాదమ్మా, తప్పకుండా వెళ్లండి. చాలామంది నేరుగా కోటలోకి నడిచేస్తారు. మీరు మాత్రం ముందు పడమటి ద్వారం బయట ఆగండి. అక్కడి నుంచి రాతి పలకలు పరిచిన వీధి మొదలవుతుంది. అటూ ఇటూ ఉన్న ఇళ్లకు ముఖం సన్నం, లోపలికి పొడవు. వీధి వైపు అంగడి, వెనక కాపురం. ఇప్పుడు కనిపించే ఆ ఇళ్లు చాలావరకు మూడో శతాబ్దానివి. అప్పుడు కోటలో గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) నాలుగో పటాలం ఉండేది. సిపాయికి జీతం నగదుగా అందేది. ఆ డబ్బు వెంటే సారాయి అమ్మేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, చేతిపనివాళ్లు వచ్చి స్థిరపడ్డారు. రెండో శతాబ్దం చివరిదాకా సిపాయిలు చట్టప్రకారం పెళ్లాడకూడదు. అయినా ఆడవాళ్లూ పిల్లలూ వాళ్లతోనే ఉండేవారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ప్రాంతంలో పొడవాటి సరిహద్దు గోడ కట్టించిన హేడ్రియన్ చక్రవర్తికి చోటుంది గానీ వీళ్లకు ఒక్క వాక్యం కూడా లేదు. చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా నాకది ఇప్పటికీ బాధే.

మనవరాలికి మ్యూజియంలో తోలు చెప్పులు చూపించండి. గాలి చొరబడని తడిమట్టిలో ఉండిపోవడం వల్ల అవి కుళ్లిపోలేదు. ఇప్పటికి ఐదు వేలకు పైగా దొరికాయి, వాటిలో చిన్నపిల్లలవీ ఉన్నాయి. సిరాతో రాసిన పల్చటి చెక్క ఉత్తరాలు 1973 నుంచి బయటపడుతున్నాయి. క్లాడియా సెవెరా అనే ఆవిడ సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు లెపిడినాకు రాసిన ఉత్తరం వాటిలోదే. చివర్లోని కొద్ది మాటలు ఆవిడ స్వదస్తూరీ. అయితే ఆ ఉత్తరం మీరు నడిచే వీధి కాలానిది కాదు. అంతకు వందేళ్లకు పైగా ముందు, క్రీ.శ. 100 ప్రాంతంలో, అక్కడే ఉన్న చెక్క కోట నాటిది. రాతి కోట దాని మీద లేచింది. ఉత్తరాల్లో ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

వీలైతే దగ్గర్లోని హౌస్‌స్టెడ్స్ కోట కూడా చూడండి. దక్షిణ ద్వారం బయట ఒక అంగడి గడప రాయి ఉంది. దాని పొడవునా గాడి చెక్కి ఉంటుంది. మన పాత కిరాణా కొట్ల వాళ్లు రాత్రిపూట చెక్క పలకలు ఒక్కొక్కటిగా గాడిలోకి దించి కొట్టు కట్టేసేవారే, అలాంటి ఏర్పాటే అది. పాపను ఆ గాడిలో వేలు పెట్టి చూడమనండి. పక్కనే ఒక ఇంటి నేల కింద 1930ల తవ్వకాల్లో రెండు అస్థిపంజరాలు దొరికాయి, ఒకదాని పక్కటెముకల్లో కత్తి మొన విరిగి ఉంది. ఆ సంగతి పాపకు చెప్పాలో వద్దో మీ ఇష్టం.

హౌస్‌స్టెడ్స్‌కు కారు దిగాక కొండ మీదికి నడవాలి. మోకాళ్ల నొప్పులుంటే ఓపికున్న పొద్దుటి పూట అది ముగించి, మధ్యాహ్నం విండోలాండా పెట్టుకోండి.