తిరిగొచ్చాక కూడా మనసు అక్కడే ఉంటే: నా శ్రీలంక అనుభవం

మీరు నేపాల్ నుంచి వరంగల్‌కు వచ్చిన వారానికే, 2025 సెప్టెంబర్‌లో, అక్కడ గొడవలు మొదలయ్యాయని, ప్రధాని ఓలీ రాజీనామా చేశాక కూడా రాత్రంతా అవే వీడియోలు చూస్తున్నానని, ఈ టెన్షన్ ఎలా తగ్గుతుందని అడిగారు. 2022లో శ్రీలంక ఆర్థిక సంక్షోభం విషయంలో నాకూ ఇదే జరిగింది.

ఆ మార్చిలో క్యాండీలో ఒకరింట్లో పది రోజులున్నాను. ఇంటావిడను అక్కా అని పిలిచేవాణ్ని. సింహళంలోనూ అక్క అంటే అక్కే. ఆమె నన్ను మల్లీ అనేది, అంటే వాళ్ల భాషలో తమ్ముడు. గ్యాస్ అయిపోయి పెరట్లో కట్టెల పొయ్యి మీద చాయ్ పెట్టేది. వీధి చివర గ్యాస్ షాపు ముందు ఖాళీ సిలిండర్లను గొలుసుతో కలిపి కట్టి, వాటి మీద సుద్దతో పేర్లు రాశారు. మనుషులు ఇంటికెళ్లి అన్నం తినొచ్చినా సిలిండర్ మాత్రం లైన్‌లోనే ఉండేది.

నేను హన్మకొండ చేరిన కొద్ది రోజులకే అక్కడ కరెంటు కోత 13 గంటలకు పోయింది. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లారు. ఆ వీడియోలు ఎన్నిసార్లు చూశానో! ఆ రాత్రే అక్కకు ఫోన్ చేసి "చూశావా?" అన్నాను. చూడలేదంది. కొడుకు రెండు రోజులుగా పెట్రోల్ లైన్‌లో ఆటోలోనే పడుకుంటున్నాడట, వాడికి అన్నం పంపే హడావిడిలో ఉంది.

ఫోన్ పెట్టేశాక మా దుబాయ్ మామ గుర్తొచ్చాడు. 2011 సకల జనుల సమ్మెలో టీవీ చూసి వణికిపోతూ ఫోన్ చేసేవాడు. ఉద్యమం గురించే అడిగేవాడు. అమ్మకేమో బస్సుల్లేక అమ్మమ్మను చూడటానికి పోలేకపోయానని చెప్పుకోవాలని ఉండేది. ఆ మాట ఎప్పుడూ మధ్యలోనే ఆగిపోయేది.

అప్పటి నుంచి అక్కకు ఫోన్ చేస్తే ముందు ఇంటి సంగతులే అడుగుతాను. బియ్యం దొరుకుతున్నాయా, గ్యాస్ వచ్చిందా. రాజకీయం ఆమే ఎత్తితే మాట్లాడతాను. వార్తలు పొద్దున ఒక్కసారి, అదీ అక్కడి పేపర్ ఆన్‌లైన్‌లో చదువుతాను. రాత్రి ఫోన్ వేరే గదిలో ఉంటుంది. భయం ఒక్కరోజులో పోలేదు, నిద్ర మాత్రం పట్టింది. ఖాట్మండులో మీకు అన్నం పెట్టినవాళ్లో, గది ఇచ్చినవాళ్లో ఉంటే, వీడియోలు పక్కనపెట్టి ముందు వాళ్లకు ఫోన్ చేయండి.

శ్రీలంకలో ఏం జరిగిందో నాకంటే ముందు మా బాపుకు అర్థమైంది. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసిందని, నవంబర్‌లో వెనక్కి తగ్గేలోపే వరి రైతులు దెబ్బతిన్నారని చెప్తే, "యూరియా లేకుంటే పొలం ఎట్ల పండుతది? ఎవలనన్న రైతును అడిగిండ్రా?" అన్నాడు.

పోయిన నెల మా ఊరి సొసైటీ ముందు యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు లైన్‌లో పెడితే ఫోటో తీసి అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "మా సిలిండర్ల లైన్‌లాగే ఉంది మల్లీ" అని, అందులో బాపు చెప్పులు ఏవని అడిగింది.