ఏయూలో చేరబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీజీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. మీ అమ్మ ర్యాగింగ్ గురించి టెన్షన్ పడుతోందట. ఎవరైనా ఇబ్బంది పెడితే ఆ రోజే వార్డెన్‌కి కాగితం రాసివ్వు, ఓర్చుకోవద్దు.

క్లాసు, రూము తప్ప మూడో చోటు చూడకుండా రెండేళ్లు గడిపేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. నువ్వలా ఉండకు. ఆ యూనివర్సిటీ ఊరికే నిలబడలేదు. 1926లో బెజవాడలో మొదలై, 1930లో విశాఖలోని వాల్తేరు చేరింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవే వదులుకున్నారు. తర్వాత రాధాకృష్ణన్ గారు వచ్చారు, 1936లో మళ్లీ రెడ్డిగారే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి విరాళాలతో సైన్స్ కాలేజీ పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూనివర్సిటీ గుంటూరుకు తరలిపోయి, మళ్లీ తిరిగొచ్చింది. మొక్కల రంగుల రసాయనం మీద టి.ఆర్. శేషాద్రి గారు పేరుమోసిన పరిశోధన చేసింది మీ డిపార్ట్‌మెంట్‌లోనే.

అందుకే చేరిన వారంలోనే వి.ఎస్. కృష్ణ లైబ్రరీకి వెళ్లు. మీ సబ్జెక్టులో పాత థీసిస్ ఒకటి చూపించమని అడుగు. టైపు మిషన్ అక్షరాల మధ్య ఇంకుతో చేత్తో గీసిన అణునిర్మాణాలు ఉంటాయి. ఒక్కో గీత ఎంత నిదానంగా గీశారో చూడు. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యమై మిగిలిన విషయం వెనక ఎన్నాళ్ల పని ఉందో అక్కడ తెలుస్తుంది.

తెలుగు, చరిత్ర విభాగాల్లో సెమినార్ జరిగితే వెళ్లి కూర్చో. సైన్స్ పిల్లవి నీకెందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. ల్యాబ్‌లో పరికరం మీద ఇంకో గంట పని కావాలంటే మొహమాటపడకుండా అడుగు. అది జనం పన్నులతో నడిచే యూనివర్సిటీ, నువ్వు ఎవరి దయా కోరడం లేదు. అడగందే అమ్మైనా పెట్టదు. సాయంత్రాలు స్నేహితులతో బీచ్ దాకా నడవండి. ఆ కబుర్లలో నేర్చుకునేది కూడా తక్కువేం కాదు.

అడ్మిషన్ రోజు ఒరిజినల్స్ ఇచ్చే ముందు రెండు సెట్లు జిరాక్స్ తీయించుకో, ఇచ్చినట్టు రసీదు తీసుకో. టీసీ పోతే మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. ప్రాజెక్ట్ ఎవరి దగ్గర చేయాలో మాత్రం తొందరపడి తేల్చుకోకు. ముందు సీనియర్లను అడుగు, ఆ మాస్టార్ల పేపర్లు రెండు మూడు చదువు. దసరాకి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న