ముందు వాక్యం కూడా చదువు, తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు ఎం.ఏ. డిసర్టేషన్‌కు రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌ను, ఆయన క్రైస్తవుల గురించి రాసిన భాగాన్ని తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా అనిపించింది. ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. క్రీస్తు ఉన్నాడనడానికి ఆ భాగాన్ని ఒకరు తిరుగులేని సాక్ష్యమంటారు, ఇంకొకరు కల్పనంటారు. మధ్యలో నిన్ను చెరోవైపు లాగుతారని నా టెన్షన్.

రెండు మూడు అనువాదాలు పక్కన పెట్టుకో. నోట్సులో అధ్యాయం నంబరు వెయ్యి. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. నా దగ్గర చదివిన కుర్రాడొకడు, చాలా తెలివైనవాడు, టాసిటస్ రాసిన రోమ్ చరిత్ర 'ఆనల్స్' 15వ పుస్తకం 44వ అధ్యాయం నుంచి ఒక్క ముక్క పట్టుకున్నాడు: తిబెరియస్ చక్రవర్తి కాలంలో యూదయ గవర్నరు పొంతి పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేశాడన్నది. సిద్ధాంత వ్యాసమంతా దాని మీదే కట్టాడు. వైవాలో ఒక పెద్దాయన "దీనికి ముందు ఏముంది బాబూ?" అని అడిగారు. వాడికి నోరు పెగల్లేదు. ముందున్నది క్రీ.శ. 64లో రోమ్ తగలబడటం. నిప్పు పెట్టించింది చక్రవర్తి నీరోయేనన్న పుకారు ఎంతకీ చల్లారక, అతను నేరాన్ని క్రైస్తవుల మీదికి నెట్టాడు. టాసిటస్ ఎక్కుపెట్టింది నీరో మీద. క్రైస్తవులంటే ఆయనకు ప్రేమేమీ లేదు, వాళ్లది వినాశకరమైన మూఢనమ్మకమనే రాశాడు. అయినా వాళ్లకు జంతువుల తోళ్లు కప్పి కుక్కలతో చీల్పించారనీ, చీకటి పడ్డాక దీపాల్లా కాల్చారనీ, జనానికి జాలి పుట్టిందనీ దాచకుండా చెప్పాడు. గిట్టనివాడి నోట వచ్చిందనే కదా ఆ మాటకంత బరువు! ఆ బరువునే వీడు కోసి పారేశాడు. నాకెంత కోపం వచ్చిందో. బయటికొచ్చాక వాడి మొహం చూసి తిట్టలేకపోయాను, టీ తాగించి పంపాను.

మంటలప్పుడు టాసిటస్ చిన్నపిల్లాడు. రాసింది సుమారు 50 ఏళ్ల తర్వాత. కళ్లారా చూసినవాడన్నట్టు మాత్రం రాయకు.

ఆయన స్నేహితుడు ప్లినీని వదలకు. దాదాపు 112లో బిథినియా అనే రోమన్ రాష్ట్రానికి గవర్నరుగా, క్రైస్తవులను ఏం చెయ్యాలని ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింసించానని ఒక్క వాక్యంలో దాటేస్తాడు. వాళ్లు సంఘంలో పరిచారికలట. పేర్లయినా రాయలేదు. అక్కడ కాసేపు ఆగు తల్లీ, పరుగెత్తకు. ట్రాజన్ జవాబూ చదువు: క్రైస్తవులను వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు అసలే తీసుకోవద్దు అన్నాడు. అయితే నేరం రుజువైతే శిక్ష తప్పదన్నాడు. ఆ రెండో సగం కూడా రాయాలి.

మొదటి అధ్యాయం అవగానే పంపు. ప్రింటులో అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టించు, నా కళ్లు మునుపటిలా లేవు. రాత్రిళ్లు మరీ మేలుకోకు.

మీ పెదనాన్న