ముందు కుర్చీలోంచి లేవడం నేర్చుకో

చెల్లీ,

"రోజూ గంటసేపు నడుస్తున్నానక్కా, అయినా కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను" అని మొన్న ఫోన్‌లో అన్నావు. అప్పటినుంచి నాకు అదే ఆలోచన. నడక మానకు, గుండెకి మంచిది. కానీ తొడల్లో బలం రావాలంటే అదొక్కటే చాలదు. వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుంది. నెలసరి ఆగాక మొదటి కొన్నేళ్ళలో ఎముకలు కూడా త్వరగా పలచబడతాయి. బరువు పడితేనే రెండూ గట్టిపడతాయి. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 2 రోజులు కండరాల బలానికి, 3 రోజులు బ్యాలెన్స్‌కి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెట్టుకో. అంచుకి జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి లాక్కో. చేతులు గుండెల మీద పెట్టుకుని, నడుము నిటారుగా ఉంచి ముందుకి వంగు. ఊపిరి వదులుతూ మడమలు నేలకి నొక్కి లే. మోకాళ్ళు లోపలికి వాలనివ్వకు. ఇక కూర్చోవడం. అసలు పని అక్కడే ఉంది. చివర్లో దబ్బున కూలబడిపోతాం కదా, అలా వద్దు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగు, తొడలు మండాలి. లేవడం మరీ కష్టమైతే గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకో. 8 సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చెయ్యి. 12 సార్లు సులువుగా వచ్చాక డంబెల్ గుండెలకి ఆనించి పట్టుకో.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. భయంతో ఆరు నెలలు అర కిలో డంబెల్స్ దగ్గరే ఆగిపోయాను, బలం పెరగలేదు. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించే బరువు ఉండాలి, అయితే చేసే తీరు చెడకూడదు. 1990లో అమెరికాలో సగటున 90 ఏళ్ళున్న కొందరు వృద్ధాశ్రమవాసులతో 8 వారాలు కాళ్ళకి గట్టి బరువులతోనే సాధన చేయిస్తే, వాళ్ళ కాళ్ళ బలం రెట్టింపు దాటింది. నీకింకా 66 ఏళ్ళే.

దీనితోపాటు గోడకి చేతులు ఆనించి పుష్‌అప్స్, రబ్బరు బ్యాండ్ వెనక్కి లాగడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడడం చెయ్యి. బరువు రోజులకి మధ్య ఒక రోజు విశ్రాంతి ఇవ్వు.

ఊపిరి బిగబట్టకు, బీపీ పెరుగుతుంది. కండల నొప్పి ఒకటి రెండు రోజులుంటే కంగారుపడకు. కీలులో పొడిచినట్టు నొప్పి, ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం వెంటనే ఆపేసి డాక్టర్‌ని కలువు. ఎముకలు పలచబడ్డాయని రిపోర్టులో ఉంటే వీపు గుండ్రంగా వంచి బరువులు ఎత్తకు. ఫిజియోథెరపిస్ట్ ముందు ఒకసారి చేసి చూపించడం ఇంకా మంచిది.

కాళ్ళకి కాస్త పట్టు వచ్చాక నేల మీంచి లేవడం సాధన చెయ్యి, ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడే. పక్కకి తిరిగి, చేతులు, మోకాళ్ళు నేలకి ఆనించి, ఒక పాదం ముందుకి వేసి, కుర్చీ పట్టుకుని లేవాలి. ఎప్పుడైనా పడిపోయినా గంటలకొద్దీ నేల మీద ఉండిపోకుండా కాపాడేది ఇదే. నాకు ఇది వచ్చిన రోజు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రేపు పొద్దున చేతులు ఆన్చకుండా ఎన్నిసార్లు లేవగలిగావో క్యాలెండర్‌లో రాసి పెట్టుకో. ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను.

నీ అక్క