కొండకు వచ్చాడు, వ్రతంలో కూర్చోలేదు

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు నాస్తికత్వం గురించినవే. రాసినవారు వేర్వేరు ఊళ్లవారైనా, ఒకరి ప్రశ్నకు జవాబు మరొకరికీ పనికివచ్చేలా ఉన్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. నేను నాస్తికుణ్ణేనన్న సంగతి పాత పాఠకులకు తెలుసు, కొత్తవారు కూడా అది తెలుసుకుని చదవడం న్యాయం.

ప్రశ్న: మా అబ్బాయికి ఉద్యోగం వస్తే అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకుంటామని మొక్కుకున్నాను. ఉద్యోగం వచ్చింది. కారు తనే నడుపుతూ మమ్మల్ని కొండకు తీసుకువెళ్లాడు గానీ, తాను దేవుణ్ణి నమ్మడం లేదని, మనసులో లేని సంకల్పం చెప్పలేనని అంటూ మండపం బయటే ఉండిపోయాడు. చెడు సావాసం పట్టాడని ఒకరు, కమ్యూనిస్టుల్లో కలిశాడని ఒకరు, మతం మారాడేమోనని మరొకరు అంటున్నారు. మా పెంపకంలో ఎక్కడ లోపం జరిగింది? మొక్కు తీరనట్టేనా? రేపు మేము పోతే తద్దినమైనా పెడతాడా? (ఒక తల్లి, అమలాపురం దగ్గర పల్లె)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆ రోజు ఏమేమి చేశాడో మీ ఉత్తరంలోనే ఉంది. మీ మొక్కు మీకు ముఖ్యమని తెలుసు కనుక వెంట వచ్చాడు. దారి పొడుగునా కారు నడిపాడు. వ్రతం మానేయమని మీతో అనలేదు, వెక్కిరించలేదు. గోత్రనామాలు చెప్పుకుని సంకల్పం చేయవలసిన చోట మాత్రం ఆగాడు. ఆ మాటలు స్వామితో చెప్పేవి, ఆ స్వామి ఉన్నాడని అతడికి నమ్మకం లేదు. మీ సంతోషం కోసం కూర్చుని పెదవులు కదిపి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదన్నది నిజమే. అయితే మీరు ఎంతో నిష్ఠగా చేసుకునే వ్రతంలో కన్నకొడుకు నటిస్తూ కూర్చోవడం మీకు మాత్రం ఇష్టమా?

దేవుడు ఉన్నాడని నమ్మడానికి తగిన ఆధారం తనకు కనబడలేదు కనుక నమ్మకపోవడమే నాస్తికత్వం. నమ్మేవారిని ద్వేషించాలని గానీ, ఇంట్లో దీపం ఆర్పించాలని గానీ, ఫలానా జెండా పట్టుకోవాలని గానీ అందులో ఎక్కడా లేదు. మీ బంధువులు కమ్యూనిస్టు అన్నారు గనుక చెబుతున్నాను. భగత్ సింగ్ నాస్తికుడు, విప్లవమార్గం ఎంచుకున్నాడు. మన గోరాగారు, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, నాస్తికులే, కానీ గాంధీగారితో కలిసి పనిచేసినవారు, పార్టీలే వద్దన్నవారు. కమ్యూనిస్టుల్లో నాస్తికులు చాలామంది ఉన్న మాట వాస్తవం, అయినా ఒకటి చూసి రెండోది చెప్పలేము. ఇక మతం మారినవారి సంగతి వేరు, వారు దేవుణ్ణి నమ్మడం మానలేదు, కొలిచే తీరు మార్చుకున్నారు. మీ అబ్బాయి విషయంలో ఆ అనుమానానికి తావే లేదు.

మీ భయానికి మరో మూలం ఉందని నాకనిపిస్తోంది. మీరు విన్న వ్రతకథలోనే అది ఉంది. సంతానం కలిగితే వ్రతం చేస్తానన్న సాధువు అనే వర్తకుడు కూతురి పెళ్లికి చేద్దామని వాయిదా వేస్తాడు, ఆ పెళ్లీ అయ్యాక మరిచిపోతాడు, చేయని దొంగతనానికి అల్లుడితో సహా చెరసాల పాలవుతాడు. ఆ కూతురు కళావతి ప్రసాదం తీసుకోకుండా రేవుకు పరుగెత్తితే భర్త ఉన్న పడవ మునిగిపోతుంది. పంట్ల మీద, పడవల మీద గోదావరి దాటుతూ బతికిన మన ప్రాంతంలో ఆ కథ విన్న ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. మీ అబ్బాయి ఉద్యోగానికి ఏమవుతుందోనని మీరు రాయలేదు గానీ, ఆ దిగులు వాక్యాల మధ్య తెలుస్తోంది. మొక్కుకున్నది మీరు, మీ దంపతులు కూర్చుని వ్రతం చేసుకున్నారు, కనుక మీ నమ్మకం ప్రకారం చూసినా మొక్కు తీరింది. మాట తప్పినవారు ఎవరూ లేరు.

పెంపకం గురించి అడిగారు. పిల్లవాడు నాస్తికుడయ్యాడనగానే ఏదో దెబ్బ తిన్నాడనో, ఎవరో మనసు విరిచారనో అనుకోవడం మనవాళ్లకు అలవాటు. దుఃఖం వల్ల నమ్మకం సడలినవారు ఉన్నారు, అదే దుఃఖం వల్ల నమ్మకం గట్టిపడినవారూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం చదివి, ఆలోచించి, తమలో తాము చాలాకాలం వాదించుకుని, ఇంట్లో చెబితే అమ్మ ఏమనుకుంటుందోనని మరికొంతకాలం ఆగి, అప్పుడు బయటపడతారు. మీకు నిజం చెప్పగలిగాడంటే ఆ చనువు మీరిచ్చిందే. దాన్ని పెంపకంలో లోపమని నేను అనలేను.

తద్దినం మాట బంధువులతో కాకుండా అతడితోనే మాట్లాడండి. తల్లిదండ్రుల కోరిక కనుక కర్మకాండ జరిపించే నాస్తికులు ఉన్నారు. మంత్రాలు తాము చెప్పక, అన్నదమ్ముల్లో నమ్మకమున్నవారికి అప్పగించి ఖర్చూ శ్రమా తాము మోసేవారూ ఉన్నారు. ఆ రోజున అన్నదానం చేసి సరిపెట్టేవారూ ఉన్నారు. మీకు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి, తాను ఎంతవరకు చేయగలడో అతణ్ణీ చెప్పనివ్వండి. అతడు ఇచ్చే మాట పితృదేవతలకు కాదు, మీకు. నిలబెట్టుకోవడానికి అతడికి ఆ కారణం చాలు.

ప్రశ్న: దేవుడు లేడనడం కూడా ఒక నమ్మకమే కదా, దానికి మాత్రం రుజువేది? ఇంతమంది మహర్షులు, పండితులు నమ్మినదాన్ని కాదనడం అహంకారం కాదా? పైనుంచి చూసేవాడు ఒకడున్నాడన్న భయమే లేకపోతే మనిషి నీతిగా ఎందుకుంటాడు? (పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, పాలకొల్లు)

జవాబు: మాస్టారూ, లేడని రుజువు చేస్తానని పట్టుబట్టే నాస్తికులు కొందరున్నారు, వారిని మీరు రుజువు అడగవలసిందే. నావంటివారు చెప్పేది అంతకంటె తక్కువ. ఉన్నాడని చెప్పడానికి ఇంతవరకు చూపిన కారణాలు చాలవు, చాలినప్పుడు ఒప్పుకుంటాము. ఈ తీరు పరాయిదేశం నుంచి వచ్చింది కాదు. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం సూత్రాలలో 'ఈశ్వరాసిద్ధేః' అని ఉంది, ప్రమాణాలతో ఈశ్వరుడు సిద్ధించడం లేదని దాని సారాంశం. వేదాన్ని పరమప్రమాణంగా తలకెత్తుకున్న మీమాంసా దర్శనపు పండితుడు కుమారిలభట్టు సైతం లోకాన్ని ఒక కర్త సృష్టించాడన్న వాదాన్ని శ్లోకవార్తికంలో ఖండించాడు. వారిని నాస్తికులని నేను లాక్కోవడం లేదు. మహర్షులు, పండితులు అందరూ ఒకేమాట మీద ఉన్నారన్నది మాత్రం సరికాదని మనవి.

అహంకారమన్న నింద కొత్తది కాదు. లాహోర్ జైలులో ఉన్న భగత్ సింగ్‌ను సాటి ఖైదీలే ఆ మాట అన్నారు, అందుకు జవాబుగానే 1930లో ఆయన తాను నాస్తికుణ్ణి ఎందుకయ్యానో వివరిస్తూ వ్యాసం రాశారు. 1931 మార్చి 23న ఉరితీశారు. ఉరి ఖాయమని తెలిసి కూడా, మరుజన్మ ఉందన్న ఓదార్పునూ స్వర్గం ఉందన్న ఆశనూ వద్దనుకున్న మనిషిలో గర్వం చూడటం నాకు సాధ్యం కాదు. మన పక్కనే కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలలో గోరాగారు వృక్షశాస్త్రం బోధించేవారు. దేవుడి భావన గురించి రాసిన కారణంగా 1933లో ఆ ఉద్యోగం పోయింది. నమ్ముతున్నానని ఒక్క మాట అంటే జీతం నిలిచేది. అంతకు ముందు ఆ కళాశాలకు ఎన్నో ఏళ్లు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పరమ ఆస్తికులు, బ్రహ్మసమాజీకులు. దళితుల చదువుకు, అంటరానితనం పోవడానికి ఇద్దరూ పాటుపడ్డారు. ఒకరు దేవుణ్ణి నమ్మి చేశారు, మరొకరు నమ్మకుండా చేశారు.

నీతి ప్రశ్నకూ ఇక్కడే సగం జవాబు వచ్చింది. మిగతా సగం మన కాలువగట్ల మీద దొరుకుతుంది. దాళ్వాలో, అంటే రబీ వరిపంటలో, వంతుల వారీగా నీరు వదిలినప్పుడు, రాత్రిపూట బోదెకు (పిల్లకాలువకు) గండి కొట్టి నీళ్లు తన చేలోకి మళ్లించుకునే రైతు పొద్దున్నే గుడికి వెళ్లడం మీరు ఎరగనిది కాదు. ఎవరూ చూడకపోయినా గట్టు ముట్టుకోని రైతూ అదే గుడికి వెళతాడు. రెండోవాణ్ణి ఆపింది ఏమిటని అడిగితే, శివారు పొలం వాడి చేను ఎండిపోతుందండీ అంటాడే తప్ప, నరకానికి పోతానండీ అనడు. ఆ శివారు రైతు గోడు నాస్తికుడికీ వినబడుతుంది. భయం వల్ల నీతిగా ఉండేవారు లేరని నేను అనను. కానీ పాపం చేసి పుష్కరస్నానంతో కడిగేసుకోవచ్చునని ధీమాపడేవారు కూడా ఆ భయంతోపాటే పెరిగారు. నాస్తికుడికి ఆ వెసులుబాటు లేదు. ఎవరికి అన్యాయం చేశాడో వారికే సరిదిద్దుకోవాలి.

ఇంకొకమాట. దేవుడి పేర జరిగే మోసాన్ని ఎవరు ఎండగట్టినా నాస్తికుడనడం మనకు అలవాటైపోయింది. రాజమహేంద్రవరంలో 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగంగారు ఏకేశ్వరోపాసకులు, ప్రార్థన సమాజం పెట్టినవారు. మూఢాచారాన్ని కాదనడం వేరు, దేవుణ్ణి నమ్మకపోవడం వేరు. ఈ రెండింటినీ కలపడం వల్ల, ఆచారాన్ని ప్రశ్నించిన ఆస్తికుడికీ అన్యాయం జరుగుతోంది, ఎవరి ఆచారం జోలికీ పోని నాస్తికుడికీ అన్యాయం జరుగుతోంది.

ప్రశ్న: నేను నాస్తికుణ్ణి. అయినా కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి మా ఊరి ప్రభను భుజాన మోస్తాను, ప్రసాదం పెడితే తింటాను. స్నేహితులు కపటివంటున్నారు. మానేయమంటారా? (ఒక యువకుడు, అంబాజీపేట మండలం)

జవాబు: తమ్ముడూ, మానేయవద్దు. రంగు బట్టలు, వెదురు దబ్బలు కట్టి, ఊరి శివుణ్ణి నిలిపిన ఆ నిలువెత్తు ప్రభ పచ్చని చేల మధ్య నుంచి వస్తుంటే, పైరు తొక్కుడు పడుతుందని తెలిసి కూడా ఏ రైతూ కాదనడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలో దిగి పీకల్లోతు నీళ్లలో దాటేటప్పుడు, ఒక్కడి భుజం జారితే మొత్తం ఒరిగిపోతుంది. ఆ భుజాల్లో నీదీ ఒకటైతే అందులో కపటం ఏముంది? ఊరివాడివి కనుక మోస్తున్నావు. రుద్రుడు చూస్తున్నాడని మోసేవాడు నీ పక్కనే ఉంటాడు, బరువు ఇద్దరికీ ఒకటే.

నిన్ను నువ్వు పరీక్షించుకోవలసిన చోటు వేరే ఉంది. నీ అభిప్రాయం ఊళ్లో తెలుసా? ఎవరైనా సూటిగా అడిగితే నిజం చెబుతావా? మొక్కుకుంటే పిల్లవాడి జ్వరం తగ్గుతుందా అని పక్కింటావిడ అడిగితే, ముందు ఆసుపత్రికి తీసుకువెళ్దాం పద అనగలవా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే స్నేహితుల మాట పట్టించుకోనవసరం లేదు. ప్రసాదం సంగతి మరీ చిన్నది. అన్నవరం గోధుమనూక ప్రసాదం ఎవరైనా ఆకులో కట్టి తెచ్చి పెడితే, పెట్టినవారి ఆప్యాయత కోసం హాయిగా తిను. నమస్కారం పెట్టి కళ్లకద్దుకోమంటే మాత్రం, చిరునవ్వుతో వద్దను. ఒకటి రెండుసార్లు మొహాలు చూసుకుంటారు, తరువాత అలవాటు పడతారు.

ప్రశ్న: ఒక సివిల్ దావాలో సాక్ష్యం చెప్పవలసి ఉంది. దైవసాక్షిగా ప్రమాణం చేయనంటే సాక్ష్యం చెల్లదా? మతాచారం లేకుండా పెళ్లి చేసుకుంటే అదైనా చెల్లుతుందా? (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: రెండూ చెల్లుతాయి. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుడి పేర ప్రమాణం చేయడానికి బదులు, నిజమే చెబుతానని ధ్రువీకరించవచ్చు. దాని విలువ తగ్గదు, అబద్ధం చెబితే పడే శిక్షా తగ్గదు. బోను ఎక్కగానే ఆ మాట మర్యాదగా చెప్పండి. ముందుగా మీ వకీలుగారికి తెలియజేస్తే ఆ క్షణంలో తికమక ఉండదు. మంత్రుల, శాసనసభ్యుల ప్రమాణానికీ రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఇదే వెసులుబాటు ఉంది. టీవీలో కొందరు 'దైవసాక్షిగా' అనకుండా ప్రమాణం చేయడం మీరు చూసే ఉంటారు.

పెళ్లికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. వధూవరుల్లో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి, అది 30 రోజులు ప్రకటనలో ఉంటుంది, అభ్యంతరాలు లేకపోతే ముగ్గురు సాక్షుల ఎదుట ఇద్దరూ ఒప్పుదల చెప్పి సంతకాలు చేస్తే వివాహం పూర్తవుతుంది. పురోహితుడు, మంగళసూత్రం, హోమం చట్టం దృష్టిలో అవసరం లేదు, పెట్టుకున్నా అడ్డులేదు. మన తెలుగువారికి ఇందులో దారి చూపినవారున్నారు. గోరాగారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో 1948 మార్చిలో గాంధీగారి సేవాగ్రామ్ ఆశ్రమంలో పెళ్లి జరిగింది. గాంధీగారు హత్యకు గురయ్యే ముందే ఆ పెళ్లికి సమ్మతించారు, దేవుడి పేరుకు బదులు సత్యం పేర జరిపించడానికీ ఒప్పుకున్నారు. నోటీసు కాలం ఉంటుంది గనుక, తేదీ అనుకుంటే కనీసం రెండు నెలల ముందే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కనుక్కోండి. వయసుకు, చిరునామాకు రుజువుపత్రాలు వెంట తీసుకువెళ్లండి.