257 దగ్గర రెండు మిగిలింది

చిరంజీవికి ఆశీస్సులు.

4,29,49,67,297 అనే సంఖ్య మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ మూడో పేజీలో 'గణితజ్ఞుడు ఆయిలర్ దివ్యదృష్టితో ఒక్క చూపులో 641ని పట్టేశాడు' అన్న వాక్యం చదివేసరికి ఒళ్లు మండింది.

ఏం దివ్యదృష్టి? 2³²కి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. 2 నెత్తిన 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ పోయి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కాబట్టి ఆ వరసలో వచ్చే ఇదీ ప్రధాన సంఖ్యేనని 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ కాదని తేల్చాడు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి మిగలాల్సిందేనని తర్వాత ఆయనే నిరూపించాడు. ఆ షరతుతో ప్రధాన సంఖ్యల్ని వడబోస్తే 641 కంటే ముందు మిగిలేవి నాలుగే: 193, 257, 449, 577. కాగితం తీసుకుని భాగించు. 193తో శేషం 109. 257తో రెండు. రెండే! అక్కడికొచ్చేసరికి నాకు ఇప్పటికీ ఉసూరుమంటుంది. 449తో 325, 577తో 288. 641తో సున్నా, భాగఫలం 67,00,417. అసలు కథ ఇదయ్యా. నువ్వు దాన్ని మింగేసి 'అద్భుతం', 'అమోఘం' అంటూ పేజీలు నింపావు.

లెక్క పాఠకుడి కళ్లెదుటే చెయ్యాలి. అంకెలు చూస్తే జనం పేజీ తిప్పేస్తారని సంపాదకులు అంటారు, నమ్మకు. క్రికెట్ స్కోర్లు, బంగారం ధరలు వరసపెట్టి చదివేవాళ్లు భాగహారానికి జడుస్తారా? ఇదే సంఖ్య మీద నేనూ ఒకప్పుడు రాశాను. 2 నెత్తిన ఉన్న 32ని కిందికి దించి, '232+1 ప్రధాన సంఖ్య కాదు' అని అచ్చేసిందో వారపత్రిక. 233 నిక్షేపంలాంటి ప్రధాన సంఖ్య! ఫోన్ చేస్తే, 'ఎవరు చూస్తారు సార్, ఆయిలర్ బొమ్మ పెద్దదే వేశాం కదా' అన్నాడు ఉపసంపాదకుడు. పారితోషికం ఊసే లేదు. ఇప్పుడింకో ఫ్యాషన్, ప్రతి సంఖ్యలోనూ విశ్వరహస్యం వెతకడం. నీ చివరి పేజీ ఆ బాపతే, కొట్టెయ్.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. 641 అంటే 5×2⁷+1, 5⁴+2⁴ కూడా అని మార్జిన్‌లో పెన్సిల్‌తో గీసుకున్నావు. అది వ్యాసంలోకి ఎందుకు రాలేదు? 5×2⁷ అంటే 641కి ఒకటి తక్కువ. అంటే 641 లెక్కలో అది −1. కాబట్టి దాని నాలుగో ఘాతం, అంటే 5⁴×2²⁸, 641తో భాగిస్తే ఒకటి మిగులుతుంది. 5⁴, 2⁴ కలిపితే 641 కాబట్టి, 641 లెక్కలో 5⁴ అన్నా −2⁴ అన్నా ఒకటే కనుక 5⁴ తీసేసి −2⁴ పెట్టు. −2³²కి శేషం ఒకటని వచ్చేస్తుంది. అంటే 2³²+1కి శేషం సున్నా. పెద్ద భాగహారమే అక్కర్లేదు! నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. ముందు ఆ ఐదు భాగహారాలూ చేత్తో చేసి, శేషాలతో సహా తిరగరాసి పంపు. కాలిక్యులేటర్ వాడితే నాకు తెలిసిపోతుంది.