త్రీడీ ప్రింటింగ్‌లో వంకర లెక్కలు.. ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ థర్డ్ ఇయర్. మెటల్ త్రీడీ ప్రింటింగ్‌లో రెసిడ్యువల్ స్ట్రెస్ మోడలింగ్ మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. దానికంటే అమీర్‌పేటలో జావా నేర్చుకోవడం నయమని మా అభిప్రాయం. ఈ లైన్‌లో ఉద్యోగాలుంటాయా?
– ఓ తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఉంటాయి. కానీ జావా ఉద్యోగాల్లా వందల్లో ఉండవు, ఉత్త బీటెక్‌తో రావడం కష్టం. ఎంటెక్ దాకా చదివించే ఓపిక మీకుంటేనే ఈ దారి.

పని ఏమిటంటారా? జీడిమెట్లలో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అడిగినా చెబుతారు, పొడుగాటి వెల్డింగు పడితే ప్లేటు గుంజుకుంటుందని. పెద్ద లోహ భాగాలను ప్రింట్ చేయడమంటే అలాంటి వెల్డింగును పొర మీద పొరగా వందలసార్లు వేయడమే. చల్లారే పొర కుంచించుకోబోతుంది, కింది పొర కదలనివ్వదు. ఆ గుంజులాటలో పుట్టిన ఒత్తిడి (స్ట్రెస్) లోపలే ఉండిపోతుంది, రెసిడ్యువల్ స్ట్రెస్ అంటే అదే. బిగించిన క్లాంపులు విప్పగానే అడుగున ఉన్న బేస్ ప్లేటు అంచులు పైకి లేస్తాయి. ఖరీదైన టైటానియం, రోజుల తరబడి మెషిన్ టైమ్ గంగపాలు.

ఎంత లేస్తుందో ముందే లెక్కగట్టాలి. మొదట ఉష్ణోగ్రతలు, వాటి నుంచి స్ట్రెస్. వెల్డింగ్ కోసం 1984లో గోల్డాక్ బృందం ఇచ్చిన హీట్ సోర్స్ మోడల్‌నే (వేడి ఎక్కడ ఎంత పడుతుందో చెప్పే సూత్రం) ఇప్పటికీ వాడుతున్నారు. చిక్కల్లా సైజుతోనే. వేడి పడ్డచోట కరిగే లోహపు గుంట మిల్లీమీటర్లలో, తయారయ్యే భాగం మీటర్లలో. ఉన్నదున్నట్టు లెక్కేస్తే కంప్యూటర్ రోజుల తరబడి నడుస్తూనే ఉంటుంది. అందుకే ఇన్‌హెరెంట్ స్ట్రెయిన్ (చిన్న ముక్కలో తేల్చిన కుంచింపునే మొత్తం భాగానికి వర్తింపజేయడం) లాంటి దగ్గరి దారులు. ఏ దారి ఎక్కడ తప్పుతుందో తెలిసినవాళ్లకే గిరాకీ.

హైదరాబాద్‌లో ఉండటం మీకు కలిసొచ్చేదే. బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, రాకెట్లు చేసే స్కైరూట్ ఇక్కడివే. ఐఐటీ హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ కేంద్రం 3 మీటర్ల ఎత్తు దాకా ప్రింట్ చేసే మెషినే తయారుచేసింది.

డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ బటన్లు నొక్కడం మాత్రం నేర్పించకండి. ఓ మైల్డ్ స్టీల్ ప్లేటును బిగించి, పది వెల్డు వరసలు వేయించి, థర్మోకపుల్‌తో వేడి, క్లాంపులు విప్పాక డయల్ గేజీతో వంపు కొలవమనండి. అదే ప్లేటును ఉచితంగా దొరికే కాల్‌క్యులిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేయాలి. రంగురంగుల బొమ్మలు ఎవరైనా చూపిస్తారు. లెక్కకూ గేజీకీ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే.

ప్రోగ్రామింగ్ రావాలన్న మీ మాట సబబే. అయితే జావా బదులు పైథాన్ నేర్పించండి, ఇలాంటి లెక్కలు చేసే అబాకస్ సాఫ్ట్‌వేర్‌కు స్క్రిప్టులు అందులోనే రాస్తారు. ఎంటెక్‌లో చేరడానికి రాసే గేట్ ఏటా ఫిబ్రవరిలో ఉంటుంది, థర్డ్ ఇయర్‌లోనే రాయొచ్చు. సాలిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ ఇప్పుడే మొదలుపెట్టమనండి.